మొగలిపొద: మన తీరమునకు కంచె

నెలవారీ పాఠము
చదువవలసిన భాగములు: ప్రసంగి 10:8, యిర్మీయా 5:22, యెషయా 5:1–7



కంచెను పడద్రోయువాడు అందులో దాగిన పాముచేత కాటు తినునని ప్రసంగి గ్రంథమందు ఒక హెచ్చరిక యున్నది. ఆ దేశములో తోటల కంచెలు చాలవరకు రాళ్లు పేర్చి కట్టినవి. ఆ రాళ్ల సందులలో పాములు చేరుట వాడుక. మన ఉద్దానపు తీరమున రాతి కంచెలు అరుదు. ఇక్కడ ఇసుక దిబ్బల మీదను, జీడితోటల గట్ల మీదను నిలిచిన కంచె ముళ్ల కంచె. దాని పేరు మొగలి.

మొగలిపొద అనగానే మనలో అనేకులకు రెండే సంగతులు తోచును. ఒకటి వాసన, రెండవది పాము. అయితే మూడవ సంగతి ఒకటి కలదు. అది ఈ రెంటికంటె పెద్దది. మొగలిపొద తన క్రింది ఇసుకను కదలనియ్యదు. ఆ ఇసుక సముద్రమును లోపలికి రానియ్యదు. ఈ నెల పాఠములో దీనిని గూర్చి నేర్చుకొందము. కోటబొమ్మాళి, టెక్కలి వైపు సంఘములవారు "మాకు సముద్రము దూరము, ఈ పాఠము మాకెందుకు?" అని తలంచవద్దు. తీరమందలి తోట చెడిన యెడల పలాసలో జీడిగింజలు ఒలిచి బ్రదుకు కూలివారికి పని తగ్గును. సంతలో కొబ్బరికాయ ధర పెరుగును. ఒకరి గట్టు తెగిన నష్టము అనేకుల యింటికి వచ్చును.

1. మొగలి ఎట్టి చెట్టు?

మొగలి తాటిజాతిది కాదు, అనాసజాతిది కాదు. చూచుటకు మాత్రము రెంటిని పోలియుండును. పది పదిహేను అడుగుల ఎత్తు పెరుగును. ఆకులు కత్తివలె పొడవై, రెండు అంచులయందును, నడిమి ఈనె అడుగునను ముళ్లు కలిగి, కొమ్మ చుట్టు మెట్లు మెట్లుగా తిరిగి యుండును. కాండమునుండి కఱ్ఱలవంటి ఊడలు దిగి ఇసుకలో పాతుకొనును. గాలికి ఒరిగిన కొమ్మ నేలను తాకినచోట మరల వేళ్లు పట్టి క్రొత్త మొక్కగును. ఉప్పుగాలికి, ఎండకు, పసలేని ఇసుకకు ఓర్చుకొనుట దీని గొప్ప గుణము.

దీనిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మనము జడలో తురుముకొను రేకులు, బట్టల పెట్టెలో ఉంచు పొత్తి, మగచెట్టువి. ఆడచెట్టు అనాసపండువంటి గుండ్రని కాయ కాయును. పండినప్పుడు ఆ కాయ నారింజ రంగు తిరిగి ముక్కలు ముక్కలుగా రాలును. పీచు గల ఆ ముక్కలు ఉప్పునీటి మీద తేలిపోయి దూరపు తీరములలో మొలకెత్తును.

ఈ కుటుంబపు చెట్లు వందలాది రకములుగా ఆఫ్రికా ఖండము, మడగాస్కరు దీవి మొదలుకొని పసిఫిక్ మహాసముద్రపు దీవుల వరకు వ్యాపించియున్నవి. కిరిబాటి, మార్షల్ దీవుల ప్రజలు తమ దీవులలోని రకముల పండ్లను తిందురు, ఆకులతో చాపలు అల్లుదురు. పూర్వము తమ పడవలకు తెరచాపలు సైతము ఆ ఆకులతోనే అల్లుకొనిరి. మన దేశములోను మొగలి ఆకుతో చాపలు, బుట్టలు అల్లుట కలదు. ఊడను నలుగగొట్టి సున్నము వేయు కుంచె చేయుట కలదు. ఇట్లు ఆకు, ఊడ, పూవు మూడును పనికివచ్చు చెట్టు ఇది.

2. ఇసుకను నిలుపు విధము

సముద్రమునకు ఇసుకను సరిహద్దుగా నియమించినవాడు తానేయని, అలలు ఎంత పొంగినను ఆ హద్దును దాటజాలవని దేవుడు యిర్మీయా ద్వారా తెలియజేసెను. ఇసుకవంటి బలహీనమైన పదార్థమును సముద్రమువంటి బలమైన దానికి హద్దుగా ఉంచుట ఆశ్చర్యము గదా! గుప్పెడు ఇసుకను ఊదిన యెడల చెదరిపోవును. మరి అది ఎట్లు నిలుచుచున్నది?

తీరమున గాలి ఎల్లప్పుడు ఇసుకను ఎత్తి లోపలికి తోలుచుండును. గాలికి ఏదైన అడ్డు తగిలినచోట దాని వేగము తగ్గును. వేగము తగ్గగానే మోసికొనివచ్చిన ఇసుకను అక్కడనే విడిచిపెట్టును. అలలకు దగ్గరగా మొదట ప్రాకునవి చిన్న మొక్కలు. గులాబిరంగు పూలు పూయు ప్రాకుతీగయు, పిల్లలు రావణాసురుని మీసములని పిలుచు ముళ్లగడ్డియు ఈ మొదటి వరుసలోనివి. ఇవి జానెడు జానెడుగా ఇసుకను పోగుచేయును. వాటి వెనుక మొగలి నిలుచును. ఇసుక దాని మొదలు చుట్టు పేరుకొనుకొలది అది పైకి పెరిగి క్రొత్త ఊడలు దించును. ఇట్లు కొన్ని సంవత్సరములకు ఇసుక పోగు దిబ్బయగును. దిబ్బలోపల వేళ్లు వలవలె అల్లుకొనును. పొంగిన అల వచ్చి తాకినప్పుడు దిబ్బ కొంత కోతపడినను, వెనుకనున్న ఊరికి నేరుగా దెబ్బ తగులనియ్యదు. తరువాత గాలి మరల ఇసుకను తెచ్చి ఆ కోతను పూడ్చును.

మొగలి వెనుక మూడవ వరుసలో ఎత్తైన చెట్లు ఉండదగును. పొన్న, కానుగ, తాటి అందుకు తగినవి. పొన్నచెట్టు మన తీరమందును, తూర్పు ఆఫ్రికా తీరమందును సహజముగా పెరుగునది; దాని తెల్లని పూలకును మంచి వాసన కలదు. గింజల నూనెతో పూర్వము దీపములు వెలిగించిరి. ఈ వరుసలన్నిటి వెనుక మన జీడియు, కొబ్బరియు, పనసయు సుఖముగా నుండును.

సరుగుడు తోపులు ఉన్నవి గదా, మొగలి ఎందుకని కొందరు అడుగుదురు. సరుగుడు మంచి చెట్టే. అది ఆస్ట్రేలియా ప్రాంతములనుండి తెచ్చినది. త్వరగా పెరిగి గాలిని ఆపును, వంటచెఱకు ఇచ్చును. అయితే దానిని కొన్ని సంవత్సరములకొకసారి నరికి అమ్ముదుము. నరికిన యేట ఆ దిబ్బకు కాపుదల ఉండదు. మొగలిని ఆ విధముగా నరుకవలసిన అవసరము లేదు, తరతరములు నిలుచును. రెండును ఉండుట మేలు.

3. మంచినీటి సంగతి

దిబ్బ చేయు మరియొక ఉపకారము కంటికి కనబడదు. వానకాలములో ఇసుక దిబ్బ నీటిని త్రాగి లోపల దాచుకొనును. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక భూమిలోపల ఉప్పునీటి మీద తేలుచుండును. సముద్రమట్టమునకు పైన 1 అడుగు మంచినీరు నిలిచియున్న యెడల, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరే యుండగలదని భూగర్భజల శాస్త్రజ్ఞుల లెక్క. ఈ లెక్కను తిరుగవేసి చూడుడి. పైన 1 అడుగు నీరు తగ్గిన యెడల క్రిందనుండి ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు.

కాబట్టి ట్రాక్టరుతో దిబ్బను త్రవ్వి ఇసుక తోలుకొనిపోవువాడు ఇసుకను మాత్రమే తీసికొనిపోవుట లేదు. వెనుకనున్న బావులలోని తీపిని కూడ తీసికొనిపోవుచున్నాడు. మొగలిని నరికిన యెడల దిబ్బ చెదరును. దిబ్బ చెదరిన యెడల బావి చెడును. ఈ మూడును ఒకే త్రాటికి కట్టబడినవి.

4. పూవు విలువ

మన జిల్లాకు ఆనుకొనియున్న ఒడిశా రాష్ట్రపు గంజాం జిల్లాలో మొగలి ఒక పెద్ద జీవనాధారము. ఛత్రపురము, రంగైలుండ, చికిటి ప్రాంతములలో దానిని కేవడా అని పిలిచి, గట్ల వెంబడి పెంచుదురు. మన దేశములో తయారగు కేవడా అత్తరులో అధికభాగము అక్కడిదే. గంజాం కేవడా పూవునకు, దాని తైలమునకు ప్రభుత్వపు భౌగోళిక గుర్తింపు కూడ కలదు.

అక్కడి పని ఈలాగు జరుగును. వానకాలమే ముఖ్యమైన పూతకాలము. తెల్లవారకమునుపే పొత్తులు కోసి, వాసన పోకమునుపు బట్టీకి చేర్చవలెను. పెద్ద రాగిపాత్రలో వందలకొలది పొత్తులు, నీరు పోసి, మూత చుట్టు మన్నుతో మెత్తి, క్రింద మంట పెట్టుదురు. ఆవిరి గొట్టము గుండా చల్లని నీటిలో నుంచిన మరియొక పాత్రలోనికి దిగి చల్లారును. ఆ పాత్రలో చందనతైలము ఉంచిన యెడల అత్తరగును. నీటిలోనే దింపిన యెడల మిఠాయిలలో, పానీయములలో వాడు కేవడా నీరగును. సరకు ఎక్కువగా ఉత్తరప్రదేశములోని కన్నౌజు వర్తకులకు పోవును.

ఇది విని రేపే ధనవంతులమగుదుమని ఎవరును అనుకొనవద్దు. వాసనగల పూవును మగచెట్లు మాత్రమే పూయును. దగ్గరలో బట్టీ లేనియెడల పూవు గంటలలో వాడిపోవును. కృత్రిమముగా చేసిన వాసనద్రవ్యములు చౌకగా దొరుకుటచేత ధర నిలుకడగా నుండదు. కాబట్టి మొగలిని ముందు కంచెగా నాటుడి. పూవు వచ్చిన యెడల అది పైలాభము.

5. ఎందుకు నరుకుచున్నారు?

నరుకువారు చెప్పు కారణములు మూడు. వాటిని తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు.

మొదటిది, పొద భూమిని ఆక్రమించును. చిన్న రైతుకు గట్టున పది అడుగులు విడుచుట కష్టమే. ఆ జాగాలో నాలుగు జీడిమొక్కలు వేసిన యెడల కొంత రాబడి వచ్చును. ఇది నిజము. దీనికి మందు నరుకుట కాదు, అదుపు చేయుట. ఏటేట తోట వైపునకు పెరిగిన కొమ్మలను మాత్రము కోసి, ఆ కొమ్మలనే ఖాళీ దిబ్బపై నాటవచ్చును.

రెండవది, పాము. మొగలి వాసనకు నాగుబాము వచ్చునని చెప్పుదురు. పాము వచ్చునది పూవు కొరకు కాదు. అక్కడి ఎలుకల కొరకు, కప్పల కొరకు, చల్లని నీడ కొరకు. పొదను నరికిన యెడల పాము చచ్చిపోదు. ఎలుకలను వెదకుచు గాదె దగ్గరకు, కప్పు క్రిందికి వచ్చును. ప్రసంగి హెచ్చరిక ఇక్కడ అక్షరాల నిజమగుచున్నది. పొద దగ్గర చేయి పెట్టకమునుపు కఱ్ఱతో తట్టుడి. రాత్రి వెలుతురు లేక ఆ ప్రక్కకు పోకుడి. కాటు పడిన యెడల కట్టు బిగించుట, గాయము కోయుట, మంత్రము వేయించుట మాని, కాటుపడిన అవయవమును కదలనియ్యక వెంటనే విషమునకు విరుగుడు సూది యున్న ఆసుపత్రికి తీసికొనిపొండి.

మూడవది, అమ్మకము. రొయ్యల చెరువులకును, ఇండ్ల స్థలములకును తీరపు నేలకు ధర వచ్చినది. సంతబొమ్మాళి మండలములోని మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగినది. రేవు వచ్చుట మంచిదా చెడ్డదా అనునది ఈ పాఠమునకు చెందదు. అయితే చుట్టుప్రక్కల నేల చేతులు మారునప్పుడు మొదట చదును చేయబడునది దిబ్బయు, దానిపైని పొదయు. తీరప్రాంత క్రమబద్ధీకరణ నియమములు, 2011 నాటివియు 2019 నాటివియు, ఇసుక దిబ్బలను చదును చేయుటను, మార్చుటను నిషేధించుచున్నవి. ఈ సంగతి మన పెద్దలు ఎరిగి, గ్రామసభలో ధైర్యముగా చెప్పవలెను.

6. మొగలి చేయలేనిది

ఒక చెట్టును పొగడునప్పుడు ఉన్నదానికంటె ఎక్కువ చెప్పకూడదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటినప్పుడు గాలి గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల వేగముతో వీచెను. ఉద్దానపు కొబ్బరిచెట్లు, ముదిరిన జీడితోటలు లెక్కకు మించి కూలెను. తాతలు నాటినవి ఒక్క ఉదయమున నేలబడెను. పదిహేను అడుగుల మొగలిపొద అరువది అడుగుల కొబ్బరి తలను ఆ గాలినుండి కాపాడజాలదు. ఈ పాఠము వినువారిలో ఎవరును ఆ భ్రమలో నుండకూడదు.

అయినను తుపానులో గాలి ఒక్కటే శత్రువు కాదు. పొంగిన సముద్రము, కొట్టుకొనివచ్చు ఇసుక, ఉప్పు తుంపర, ఇవి కూడ శత్రువులే. వీటి యెదుట మొక్కల వరుస ఎంతో సాయము చేయును. 1999 అక్టోబరు 29న ఒడిశాను పెనుతుపాను కొట్టినప్పుడు, కేంద్రపడా జిల్లాలో సముద్రమునకు ఊరికి మధ్య మడ అడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువగా జరిగెనని 2009లో ప్రచురింపబడిన ఒక పరిశోధన తేల్చినది. తమిళనాడులోని నాగపట్నం జిల్లా నాలువేదపతి గ్రామస్థులు 2002లో ఒక్క దినమున 80,000లకు పైగా మొక్కలు తీరమున నాటిరి. రెండేండ్లకు, 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ తోపు ఊరికి అడ్డుగా నిలిచెను. అక్కడ మడ, ఇక్కడ సరుగుడు. మన దిబ్బకు మొగలి. చెట్టు వేరైనను పాఠము ఒక్కటే: తుపాను రాకమునుపే వరుస నిలిచియుండవలెను.

7. నాటు విధము

తొలకరి పడిన తరువాత, జూన్, జూలై నెలలలో నాటుట మంచిది. గింజనుండి మొలచినది మగదో ఆడదో పూయువరకు తెలియదు. కాబట్టి పూవు కోరువారు, పూసిన మగచెట్టును గుర్తుపెట్టుకొని, దాని పిలకలనుగాని, ఊడలు మొదలైన కొమ్మలనుగాని రెండు మూడు అడుగుల పొడవున కోయవలెను. ఆకులలో సగమును కత్తిరించివేసిన యెడల మొక్క వాడదు. అడుగున్నర గుంట తీసి, పశువుల గత్తము ఒక తట్ట వేసి, మొదలు కదలకుండ గట్టిగా త్రొక్కవలెను.

కంచెకైతే నాలుగైదు అడుగులకు ఒకటి, పూలకైతే ఎనిమిది పది అడుగులకు ఒకటి చాలును. దిబ్బపైన ఒకే వరుసగా గాక, ముందు వరుస సందులలోనికి వెనుక వరుస మొక్క వచ్చునట్లు రెండు మూడు వరుసలు నాటుడి. అలలు తాకు చోట నాటవద్దు. అక్కడ ప్రాకుతీగలకు చోటు విడువుడి. జనవరినుండి ఏప్రిల్ వరకు సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఆ ఒడ్డుకే వచ్చును గనుక దానిని ఖాళీగా ఉంచుట వాటికిని మేలు. మొదటి వేసవిలో వారమునకొకసారి నీరు పోసి, మేకలు త్రొక్కకుండ చూడవలెను. మూడు నాలుగు సంవత్సరములలో పూత వచ్చును. ఆడమొక్కలు కూడ కొన్ని ఉండనీయుడి. వాటి కాయలే దిబ్బపై తమంతట తామే విస్తరించును.

8. కంచె ఎవరిది?

యెషయా చెప్పిన ద్రాక్షతోట ఉపమానములో, తోట నాశనమగుటకు మొదట జరిగినది కంచె తీసివేయబడుట. కంచె పోయిన తరువాత తోట మేతభూమియాయెను, త్రొక్కబడెను. తోటలో ద్రాక్ష ఎంత మంచిదైనను కంచె లేనిదే అది నిలువదు.

ఇక్కడ కష్టమేమనగా, మొగలిని నరుకువాని లాభము అతనికి వెంటనే వచ్చును. నష్టము మరియొకనికి ఆలస్యముగా వచ్చును. దిబ్బపైని పొదను నరికినవాడు ఈ యేడే సొమ్ము లెక్కించుకొనును. అయిదారేండ్లకు వెనుక వీధిలోని విధవరాలి బావి ఉప్పగును. ఆమె ఎవరిపై ఫిర్యాదు చేయును? నరికినవాడు దుర్మార్గుడు కాకపోవచ్చును. అతనికి అప్పు తీర్చవలసిన అవసరము ఉండవచ్చును. అందుచేత అతనిని నిందించి ఊరకుండిన యెడల ఏమియు జరుగదు. గట్టున పొద విడిచిన చిన్న రైతుకు ఊరు తోడుండవలెను. పూలు అమ్ముకొనుటకు, కొమ్మలు కోయుటకు, ఆకులతో చాపలు అల్లించుటకు సాయము చేయవలెను. ఒక్కని కంచె పదిమందిని కాచునప్పుడు దాని భారమును పదిమంది పంచుకొనుట న్యాయము.

కాబట్టి ఈ వానకాలములో ప్రతి తీరపు సంఘమును ఒక దినము ఏర్పరచుకొని, మత్స్యకారులను, రైతులను, ఏ మతస్థులనైనను కలుపుకొని, ఊరి యెదుటనున్న దిబ్బను నడిచి చూడవలెను. ఎక్కడ గండి పడినదో గుర్తించి, అక్కడ మొగలి నాటవలెను. లోపలి సంఘములవారు పిలకలు మోయుటకైనను చేతులు ఈయవచ్చును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మీ ఊరికి సముద్రమునకు మధ్య ఇప్పుడు ఏ చెట్లున్నవి? పది సంవత్సరముల క్రిందట ఏవి యుండెను?
2. మీ బావినీటి రుచి మారినదా? ఏ కాలమునుండి మారినది? పెద్దలను అడిగి తెలిసికొనుడి.
3. ఒకని లాభమువలన పలువురికి ఆలస్యముగా కలుగు నష్టము మరి ఏ పనులలో కనబడుచున్నది?
4. గట్టున పొద విడిచిన పేదరైతుకు మీ సంఘము ఈ సంవత్సరము ఏ సాయము చేయగలదు?